నోవహు భార్య ఓడ ఎందుకు ఎక్కనంది?

బైబిల్ ఆదికాండంలో నోవహు భార్య ఉంది గానీ ఆమెకు పేరు లేదు, ఒక్క మాట కూడా లేదు. ఓడ ఎక్కిందంటే ఎక్కింది, దిగిందంటే దిగింది. అదే మనిషి ఇంగ్లండ్‌లోని చెస్టర్ పట్టణంలో ఆడిన పాత నాటకంలో నోరు విప్పితే ఆగదు.

వీటిని మిస్టరీ నాటకాలు అంటారు. డిటెక్టివ్ కథలు కావండోయ్! ఆ మాటకు అప్పట్లో చేతివృత్తి అనే అర్థం కూడా ఉండేది. సృష్టి నుంచి చివరి తీర్పు దాకా బైబిల్ కథని ముక్కలు చేసి, ఒక్కో వృత్తి సంఘం ఒక్కో ముక్కని బండి మీద వీధుల్లో ఆడేది. యార్క్‌లో ఓడ కట్టే ఘట్టం ఓడలు చేసేవాళ్లది. చెస్టర్‌లో జలప్రళయం ఎవరికిచ్చారో తెలుసా? డీ నది నుంచి నీళ్లు మోసేవాళ్లకి!

చెస్టర్ నాటకంలో వాన మొదలవబోతోంది, జంతువులన్నీ ఎక్కేశాయి. ఈమె మాత్రం కదలదు. నా స్నేహితురాళ్లని వదిలి రాను, వాళ్లు మునిగిపోతారు, నీకు అంత తొందరైతే పోయి ఇంకో పెళ్లాన్ని తెచ్చుకో అంటుంది. ఆ స్నేహితురాళ్లు పక్కనే కూర్చుని తాగుతూ పాడుతూ ఉంటారు. చివరికి కొడుకులే ఆమెని ఎత్తుకెళ్లి ఓడలో పడేస్తారు. నోవహు స్వాగతం చెప్తే చెంప ఛెళ్లుమనిపిస్తుంది.

జనం పగలబడి నవ్వి ఉంటారు. గయ్యాళి పెళ్లాం మీద జోకు అన్ని ఊళ్లలోనూ అమ్ముడుపోతుంది కదా. పైగా ఆ వేషం కట్టింది కూడా సాధారణంగా మగవాడే. కావెంట్రీ కమ్మరి సంఘం లెక్కల్లో పిలాతు భార్య వేషం వేసిన ఒక మగమనిషికి డబ్బులిచ్చినట్టు ఉంది. కూచిపూడి సత్యభామగా వేదాంతం సత్యనారాయణ శర్మ గారి పేరు విన్న మనకి ఇదేం వింత కాదు. అయితే చెస్టర్‌లోనే మరియ స్వర్గారోహణ నాటకం బాధ్యత పట్టణంలోని భార్యలదని పాత ప్రకటనలో ఉంది. ఆ నాటకం ప్రతి మాత్రం మనకి దక్కలేదు. ఆడవాళ్ల చేతిలో ఉన్నదే పోవడం నాకు మంటగా ఉంటుంది.

మా జూపాడు బంగ్లా వైపు క్రిస్మస్ నాటకాల్లో మరియమ్మ తల వంచుకుని నిలబడితే దూతే అంతా మాట్లాడతాడు. నోరున్న ఆడమనిషి కావాలంటే మా నంద్యాల జిల్లాలోనే అహోబిలం కథ చూడాలి. నరసింహస్వామి చెంచుపిల్లని పెళ్లాడాడు. కనుమ నాడు మొదలయ్యే పారువేటలో స్వామి ఊళ్లు తిరుగుతుంటే చెంచులు ఇప్పటికీ ఆయన్ని తమ అల్లుడనే అంటారు. ఓబయమంత్రి రాసిన గరుడాచలం యక్షగానంలో ఈ పెళ్లి వల్ల ఆదిలక్ష్మికీ చెంచితకీ సవతుల జగడం నడుస్తుంది. వైకుంఠం లక్ష్మి మన వీధి కుళాయి దగ్గరి మనిషైపోతుంది.

రెండు చోట్లా పని ఒకటే: పురాణం ఖాళీగా వదిలిన చోట ఇంటి గొడవ తెచ్చి పెట్టారు. జనం దేవుణ్ణి దూరంగా ఉంచి మొక్కుతారు గానీ, దేవుడి ఇంట్లో జగడాన్ని దగ్గరికొచ్చి వింటారు. తేడా ఎక్కడంటే, ఆదిలక్ష్మి అడిగేది తన మొగుడి గురించి. నోవహు భార్య అడిగేది పక్కింటివాళ్ల ప్రాణాల గురించి. ఆమెని గయ్యాళిగా చూపించాలనే రాశారేమో, కానీ ఆ ప్రశ్న మాత్రం జోకులో ఇమడలేదు. నోవహు దానికి జవాబు చెప్పడు.

ఆమెని లోపలికి లాగాక నోవహు కిటికీ మూసేస్తాడు. బయట మిగిలిన స్నేహితురాళ్ల ఊసు ఆ తర్వాత ఎక్కడా లేదు.