రెండు బంగారు గుర్రాలకు ఎర్ర పిల్ల ఎలా పుట్టింది?

ఆన్‌లైన్‌లో గుర్రాల పెంపకం ఆట కొత్తగా మొదలుపెట్టినవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. బంగారు ఒళ్లు, తెల్లటి జూలు, తెల్లటి తోక ఉన్న పాలోమినో జంటను ఏరికోరి తెచ్చుకుంటారు. పిల్ల కూడా అలాగే పుడుతుందని ఎదురుచూస్తారు. తీరా పుట్టేది చెస్ట్‌నట్, అంటే మామూలు ఎర్ర గుర్రం. ఆటలో ఏదో తప్పు ఉందనుకుంటారు కానీ, హార్స్ రియాలిటీ లాంటి ఆటలు నిజం గుర్రాల జన్యుసూత్రాలనే పాటిస్తాయి. నిజం గుర్రాల కొట్టంలోనూ ఇదే జరుగుతుంది.

పాలోమినో అంటే ఎర్ర గుర్రమే. దాని మీద క్రీమ్ అనే జన్యువు ఒక్క ప్రతి చేరితే ఎరుపు పలచబడి బంగారు రంగు వస్తుంది. రెండు ప్రతులు చేరితే ఇంకా పలచబడి క్రెమెల్లో అవుతుంది: మీగడ రంగు ఒళ్లు, గులాబీ చర్మం, నీలి కళ్లు. పాలోమినోలో ఉన్నది ఒక్క ప్రతే కాబట్టి అది పిల్లకు అందే అవకాశం సగం. తల్లి నుంచీ తండ్రి నుంచీ అందకపోతే ఎరుపు, ఒకరి నుంచి అందితే బంగారం, ఇద్దరి నుంచీ అందితే క్రెమెల్లో. లెక్క వేస్తే వరసగా 25, 50, 25 శాతం. ప్రతి పిల్లకూ ఈ లెక్క మళ్లీ మొదటికొస్తుంది. వరసగా మూడు ఎర్ర పిల్లలు పుట్టినంత మాత్రాన నాలుగోది బంగారమే కావాలని లేదు.

మరి బంగారు పిల్లే ఖాయంగా కావాలంటే? క్రెమెల్లోని చెస్ట్‌నట్‌తో జతకట్టించాలి. ఒకదాని నుంచి క్రీమ్ తప్పకుండా వస్తుంది, రెండోదాని నుంచి అసలు రాదు. పుట్టే పిల్లలన్నీ పాలోమినోలే. బంగారు గుర్రం ఒక్కటీ లేని జంటకు అన్నీ బంగారు పిల్లలే పుట్టడం ఈ శాస్త్రంలో నాకు అన్నిటికన్నా నచ్చే విషయం. నిజం గుర్రం దాదాపు 11 నెలలు కడుపుతో ఉండి, సాధారణంగా ఒక్క పిల్లనే ఈనుతుంది. అందుకే ఈ శాతాలు కళ్లారా చూడాలంటే పెంపకందారుకు ఏళ్లు పడుతుంది. ఆటలో ఆ నిరీక్షణ లేదు. మెండెల్ సూత్రాలు నేర్చుకునే పిల్లలకు ఇంతకన్నా మంచి ప్రయోగశాల దొరకదు.

నల్ల జంటకు ఎర్ర పిల్ల పుట్టడమూ ఇలాంటిదే. నలుపు కింద ఎరుపు దాగి ఉండగలదు. ఎరుపు కింద నలుపు దాగదు. అందుకే రెండు చెస్ట్‌నట్‌లకు నల్ల పిల్ల పుట్టదు.

వేగం దగ్గరికొచ్చేసరికి లెక్క చిక్కుపడుతుంది. గుర్రానికి ఏ దూరం పరుగు నప్పుతుందో చెప్పడంలో మయోస్టాటిన్ జన్యువుకు పెద్ద పాత్ర ఉందని డబ్లిన్ పరిశోధకులు 2010లో చూపించారు. అయినా పరుగు ఒక్క జన్యువుతో తేలేది కాదు. ఎన్నో జన్యువులు, మేత, శిక్షణ అన్నీ కలవాలి. మేటి జంటకు మామూలు పిల్ల పుడితే నిరాశపడనక్కర్లేదు.

కొత్తవాళ్లు తప్పక తెలుసుకోవాల్సింది ఫ్రేమ్ ఓవెరో మచ్చల గురించి. పక్కల మీద అంచులు చెదిరిన తెల్ల మచ్చలతో ఈ గుర్రాలు చాలా అందంగా ఉంటాయి. ఈ జన్యువు ఒక్క ప్రతి ఉంటే హాని లేదు. రెండు ప్రతులు అందిన పిల్ల దాదాపు పూర్తి తెల్లగా పుడుతుంది. దాని పేగుల్లో కదలికను నడిపే నాడీకణాలు ఏర్పడవు. తాగిన పాలు ముందుకు సాగవు, కడుపునొప్పితో కొద్ది రోజుల్లోనే చనిపోతుంది. పైగా ఈ జన్యువు ఉన్నా మచ్చ సరిగా కనబడని గుర్రాలూ ఉంటాయి. కంటిచూపును నమ్మడానికి లేదు. అందుకే పెంపకందారులు జూలు నుంచో తోక నుంచో వెంట్రుకలను కుదుళ్లతో సహా పీకి ప్రయోగశాలకు పంపుతారు. ఆటలో జన్యుపరీక్ష సదుపాయం ఉంటే జత కట్టించే ముందే వాడండి. రెండు గుర్రాల్లోనూ ఈ జన్యువు ఉంటే ప్రతి ఈతలోనూ అలాంటి పిల్ల పుట్టే ప్రమాదం 25 శాతం. ఒకదానిలోనే ఉంటే పిల్లల్లో సగానికి మచ్చల జన్యువు అందుతుంది, ఈ జబ్బుతో ఒక్కటీ చావదు.