డాబా మీద బడి... పిల్లలే టీచర్లు!

మీ రెజ్యూమెలో ‘సోషల్ సర్వీస్’ అని ఒక లైన్ ఉందా? మనలో చాలామందికి ఉంటుంది. ఎన్‌ఎస్‌ఎస్ సర్టిఫికెట్, మొక్క నాటుతూ దిగిన ఫొటో, ఎప్పుడో రక్తదానం. ఇంటర్వ్యూలో దాని గురించి ఎవరూ అడగరు, మనమూ చెప్పం. అలాంటి పనిని రెజ్యూమెలోంచి తీసి ఒక స్కూలు టైంటేబుల్‌లో పెట్టేసిన ప్రిన్సిపల్ ఒకరున్నారు. పేరు సిస్టర్ సిరిల్ మూనీ. కోడింగ్ నేర్చుకునేవాళ్లకు ఈ క్యాథలిక్ సన్యాసినితో ఏం పని అనుకోకండి. ఆవిడ డిజైన్ చేసిన సిస్టమ్ చూస్తే మీకే అర్థమవుతుంది.

ఎవరీ సిస్టర్?

1936లో ఐర్లాండ్‌లోని బ్రే అనే ఊళ్లో పుట్టారు. లొరెటో సిస్టర్స్ సంఘంలో చేరి 1956లో, ఇరవై ఏళ్ల వయసులో ఇండియా వచ్చేశారు. మదర్ థెరిసా సొంత సంస్థ పెట్టకముందు కోల్‌కతాలో పాఠాలు చెప్పింది ఈ సంఘం స్కూల్లోనే. సన్యాసం తీసుకున్నవాళ్లకు సొంత ఆస్తి, సంసారం ఉండవు. సంఘం ఏ పని అప్పగిస్తే అది చేయాలి. సిస్టర్ సిరిల్‌కు అప్పగించిన పని చదువు చెప్పడం. ఆవిడ జువాలజీలో డాక్టరేట్ కూడా చేశారు.

1979లో కోల్‌కతాలోని లొరెటో డే స్కూల్, సియాల్దా బాధ్యత చేతికొచ్చింది. రద్దీ రైల్వే స్టేషన్‌కు దగ్గర్లోని ఇంగ్లిష్ మీడియం ఆడపిల్లల బడి అది. అప్పట్లో 790 మంది పిల్లలుంటే, వాళ్లలో ఫీజు కట్టలేని పేద పిల్లలు 90 మందే. గేటు బయట స్టేషన్ చుట్టుపక్కల ఫుట్‌పాత్‌ల మీద పెరుగుతున్న పిల్లలకు మాత్రం ఏ బడీ లేదు.

ఆవిడ ముందు మార్చింది అడ్మిషన్లనే. తొంభైల చివరికి స్కూల్లో దాదాపు 1,400 మంది అయ్యారు. అందులో సగం మంది ఫీజు కట్టనివాళ్లే. ప్రైవేటు బడులు 25 శాతం సీట్లు పేద, బలహీన వర్గాల పిల్లలకు ఇవ్వాలని మన విద్యాహక్కు చట్టం చెప్పింది 2009లో. అంతకంటే పదేళ్ల ముందే ఇక్కడ 50 శాతం నడిచింది.

క్లాస్‌రూమ్ సరిపోని పిల్లలు

అడ్మిషన్ ఇచ్చినంత మాత్రాన వీధి పిల్లల సమస్య తీరదు. పదేళ్ల పిల్లకి అక్షరాలు రావు, ఒకటో తరగతిలో కూర్చోబెడితే సిగ్గు. పొద్దున చెత్త ఏరుకోవాలి, చెల్లిని ఎత్తుకోవాలి, కుదిరినప్పుడే రాగలదు. తొమ్మిదింటికి బెల్ కొట్టి, నలభై మందికి ఒకే పాఠం చెప్పే పద్ధతి ఈ పిల్లకి పనికిరాదు. ఏ టైమ్‌కి వచ్చినా, ఏ లెవెల్లో ఉన్నా, అక్కడి నుంచే మొదలుపెట్టే టీచర్ కావాలి. అంటే ఒక్కో పిల్లకి ఒక్కో టీచర్. అంతమందికి జీతాలు ఎవరిస్తారు?

1985లో మొదలైన ‘రెయిన్‌బో’ స్కూలు దీనికి జవాబు. చోటు: అదే స్కూలు డాబా. టీచర్లు: అదే స్కూల్లో ఐదో తరగతి, ఆపైన చదువుతున్న అమ్మాయిలు. సిలబస్‌లో ఎటూ ‘వర్క్ ఎడ్యుకేషన్’ అనే సబ్జెక్టు ఉంది. ఆ పీరియడ్‌లో వంతులవారీగా క్లాసులు పైకి వెళ్లి, ఒక్కొక్కరు ఒక్కో చిన్నారి పక్కన కూర్చొని చదువు చెబుతారు. ఆ పిల్ల పుంజుకున్నాక వయసుకు తగ్గ తరగతిలో, మామూలు బడిలో చేర్పిస్తారు.

ఇంజినీర్లుగా ఒకసారి గమనించండి. కొత్త బిల్డింగ్ లేదు, కొత్త స్టాఫ్ లేదు, పిల్లల చదువుకు అదనపు గంట కోత లేదు. ఉన్న చోటు, ఉన్న మనుషులు, టైంటేబుల్‌లో ఉన్న పీరియడ్. మనం హ్యాకథాన్‌లో మొదట రాసే లైన్ ‘యాప్ కడదాం’. ఆవిడ మొదట చూసింది మాత్రం ఇప్పటికే ఉండి కూడా వాడకుండా ఉన్నవి ఏంటనేది.

నేర్పినవాళ్లకేం వచ్చింది?

జూనియర్‌కి రికర్షన్ వివరించబోయి, అది మనకే సరిగ్గా రాలేదని తెలుసుకోని ఇంజినీరింగ్ స్టూడెంట్ ఉంటాడా? నేర్పితేనే నేర్చుకుంటాం. డాబా మీద ఆ అమ్మాయిలకు అంతకుమించి ఇంకోటి దొరికింది. రోజూ ఆటో దిగుతూ చూసీ చూడనట్టు దాటిపోయే పిల్లకి ఒక పేరుంది, తనకంటే వేగంగా లెక్కలు చేయగలదు అని తెలియడం. ఇది ఏ మోరల్ సైన్స్ పాఠంతోనూ రాదు. ఈ పిల్లలే వారానికో రోజు బస్సెక్కి పల్లె బడులకు వెళ్లి, అక్కడి తోటి పిల్లలకూ పాఠాలు చెప్పారు.

బీఈడీ లేని పల్లె, బస్తీ యువతకు తక్కువ రోజుల్లో బోధన నేర్పే శిక్షణ కూడా సిస్టర్ నడిపారు. అలా వేలమంది టీచర్లయ్యారు. రాత్రి ఫుట్‌పాత్ మీద భద్రత లేని ఆడపిల్లలు స్కూల్లోనే పడుకోవడం మొదలయ్యాక, చదువుకునే చోటే వాళ్లకు ఇల్లు కూడా అయింది. ఆ ‘రెయిన్‌బో హోమ్స్’ ఆలోచన తర్వాత హైదరాబాద్‌కీ వచ్చింది. ప్రభుత్వ బడుల్లో వాడకుండా ఉన్న గదులు వీధి పిల్లలకు ఇళ్లయ్యాయి. లాజిక్ అదే: ఉన్నదాన్ని తెరవడం.

2007లో ప్రభుత్వం ఆవిడకు పద్మశ్రీ ఇచ్చింది. 2011 వరకు అదే స్కూలు నడిపారు. 2023 జూన్‌లో కన్నుమూశారు.

మరి మీరు?

ఆవిడలా జీవితం మొత్తం ఇవ్వమని ఎవరూ అడగట్లేదు. సన్యాసం ఆవిడ విశ్వాసం, ఆవిడ ఎంపిక. సిస్టమ్ మాత్రం మనమూ వాడుకోవచ్చు.

* ఒక్క పిల్లాడు, ఒక్క సబ్జెక్టు, వారంలో ఒక ఫిక్స్‌డ్ గంట. అంతకంటే ఎక్కువ ఒప్పుకోకండి.
* దగ్గర్లోని ప్రభుత్వ బడి హెడ్‌మాస్టర్‌నో, సంక్షేమ హాస్టల్ వార్డెన్‌నో కలవండి. మీకు వచ్చింది కాదు, వాళ్లకు కావాల్సింది అడగండి.
* ఒంటరిగా వద్దు. నలుగురు ఫ్రెండ్స్ వంతులేసుకోండి. మీకు సెమిస్టర్ ఎగ్జామ్స్ వచ్చినా క్లాసు ఆగకూడదు.
* ఎన్నాళ్లు వస్తారో మొదటి రోజే చెప్పండి.

ఈ చివరిది చిన్న విషయం కాదు. వాలంటీర్లు ఉత్సాహంగా వస్తారు, మూడు వారాలకు మాయమవుతారు. కంపెనీ మారితే మనం నోటీస్ పీరియడ్ తప్పకుండా సర్వ్ చేస్తాం, ఎందుకంటే రిలీవింగ్ లెటర్ కావాలి. పుస్తకం ముందేసుకుని మీ కోసం ఎదురుచూసే పిల్లాడు ఏ లెటరూ ఆపలేడు. మరో అక్కో అన్నో ఇలాగే వెళ్లిపోయారని మాత్రం గుర్తుపెట్టుకుంటాడు. సిస్టర్ సిరిల్ ఆ బడిలో 32 ఏళ్లు ఉన్నారు. మీరు ఆరు నెలలే అనుకున్నా ఫర్వాలేదు. ఆరు నెలలంటే ఆరు నెలలూ వెళ్లండి.