మిషనుతో పాటు ఇవ్వాల్సినవి



దాతలు చేసే సహాయాల్లో కుట్టు మిషనుకు ఒక ప్రత్యేక స్థానం ఉంది. ఇచ్చిన బియ్యం నెలలో అయిపోతాయి. రంజాన్ తోఫా పండగతో అయిపోతుంది. మిషను మాత్రం ఏళ్ల తరబడి అన్నం పెడుతుందని మనందరి నమ్మకం. ఆ నమ్మకం తప్పు కాదు, కానీ అది సగం మాటే. మిగతా సగం నాకు ఆలస్యంగా తెలిసింది. అదే మీతో పంచుకుంటాను.

కొన్నేళ్ల క్రితం మా బడిలో ఏడో తరగతి చదివే ఒక అమ్మాయి తండ్రి చనిపోయాడు. తల్లి ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు పూర్తయ్యాక, ఆమెకు ఒక చోట కుట్టు మిషను ఇప్పించాం. జాబితాలో పేరు రాయించింది నేనే. అందరం కలిసి ఫొటో కూడా దిగాం. ఏడాది తర్వాత ఆ పిల్ల వరుసగా బడికి రాకపోతే ఇంటికి వెళ్లాను. మిషను మీద పక్కబట్టలు మడిచి పెట్టి ఉన్నాయి. పిల్ల ఒక దుకాణంలో పనికి పోతోంది.

"ఏమ్మా, కుట్టడం లేదా?" అని అడిగాను.

"బెల్టు తెగింది టీచరమ్మా. అంతకు ముందు నుంచే కింద దారం చిక్కుపడేది. ఎవరిని అడగాలో తెలియలేదు," అంది తల వంచుకుని.

తోలు బెల్టు ధర ఎంతని! తప్పు ఆమెది కాదు. మిషను ఇచ్చి చేతులు దులుపుకున్న మాది.

ముందు మిషను గురించి తెలియాలి

కొత్తగా నేర్చుకునేవాళ్లు మిషను చెడిపోయిందనుకునే సందర్భాల్లో చాలావరకు అది చెడిపోయి ఉండదు. కింద దారం చిక్కుపడిందంటే తరచుగా తప్పు పైదారంలోనే ఉంటుంది. దారం బిగువు బిళ్లల మధ్య సరిగా కూర్చోకపోతే అలా అవుతుంది. పైదారం మొత్తం తీసి మళ్లీ ఎక్కిస్తే చాలాసార్లు సర్దుకుంటుంది. కుట్లు మధ్యలో తప్పిపోతుంటే సూది మొద్దుబారిందేమో, సరిగా బిగించలేదేమో చూడాలి. మామూలు నూలు బట్టకు 14వ నంబరు సూది, పల్చటి బట్టకు 11, జీన్సులాంటి మందపు బట్టకు 16 వాడాలి. షటిల్ దగ్గర పేరుకున్న నూగు తుడిచి, నూనె రంధ్రాల్లో ఒక్కో చుక్క వేయాలి. తర్వాత చిత్తు గుడ్డ మీద కాసేపు నడపాలి. లేకపోతే మొదటి మరక గిరాకీ బట్ట మీదే పడుతుంది.

తొక్కడం అలవాటు కావడానికి పాత పద్ధతే మంచిది. దారం ఎక్కించకుండా, గీతల నోటుబుక్కు కాగితం మీద గీత వెంబడే సూది నడిపించాలి. చెయ్యీ కాలూ కలిసే వరకు బట్ట ముట్టనవసరం లేదు.

పాత బట్టతో మొదలు

నేర్చుకునే మనిషి చేతికి కొత్త బట్ట ఇస్తే భయంతో చెయ్యి వణుకుతుంది. ఇంట్లోని పాత బట్టే మంచి పలక. మొదట దిండు గలీబులు. అందులో అన్నీ తిన్నని కుట్లే. తర్వాత చిరిగిన జీన్సు ప్యాంటు కాళ్లతో కూరగాయల సంచి. ఆ పైన దస్తర్‌ఖాన్. దాని నాలుగు మూలలు పొందికగా మడవడం వస్తే, రేపు దుపట్టా అంచు కుట్టడమూ వచ్చినట్టే.

మా అమ్మీ ఎండాకాలం వచ్చిందంటే పాత నూలు చీరలతో బొంత కుట్టేది. నాలుగైదు చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి, ముడతలు లేకుండా లాగి, ముందు పెద్ద పెద్ద కచ్చా కుట్లు వేసేది. ఆ కుట్టు లేకుండా మొదలుపెడితే పొరలు జారి బొంత వంకర పోతుంది. తర్వాత అంచు నుంచి లోపలికి వరుసగా కుట్టుకుంటూ వచ్చేది. మా ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డా మొదట పడుకున్నది ఆ బొంత మీదే.

ఒక ఉదాహరణ: జుజ్దాన్

ఖురాన్ షరీఫ్‌కు తొడిగే గుడ్డ సంచి ప్రతి ఇంట్లోనూ కావాలి. నా విద్యార్థినులకు కొలతలు నేర్పేది దీనితోనే. ప్రతి ఎత్తు 9 అంగుళాలు, వెడల్పు 6, మందం 2 అనుకుందాం. వెడల్పు, మందం కలిపితే 8. వదులుకు 1, రెండు పక్కల కుట్టుకు అర చొప్పున 1 కలిపితే 10 అంగుళాల వెడల్పు గుడ్డ కావాలి. పొడవుకు ముందు భాగం 11, వెనుక భాగం 11, పైన మూసే మడత 6, అంచులు మడవడానికి 2, మొత్తం 30. ముందు పాత దినపత్రిక కత్తిరించి, ప్రతికి చుట్టి చూసుకున్నాకే బట్ట కోయాలి.

మీటరు అంటే 39 అంగుళాలకు కాస్త ఎక్కువ. 44 అంగుళాల పన్నా ఉన్న బట్ట ఒక్క మీటరు కొంటే, అడ్డంగా పదేసి అంగుళాల చొప్పున నాలుగు జుజ్దాన్లు వస్తాయి. మిగిలిన పట్టీలతో నాడాలు కుట్టుకోవచ్చు. నూలు బట్టయితే ముందే తడిపి ఆరబెట్టాలి. లేకపోతే మొదటి ఉతుకుకే కుంచించుకుపోతుంది. లెక్కలంటే జడిసే ఆడపిల్లలు టేపు చేతికిస్తే అరలు, పావులు చకచకా చెప్పడం నేను కళ్లారా చూశాను.

ధర చెప్పడం కూడా నేర్పాలి

పనితనం ఉంటే చాలు అనుకుంటాం. నరసాపురం లేసు చూడండి. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన ఆ క్రోషియా పని గోదావరి తీరంలో ఇంటింటా పాకి, విదేశాల దాకా వెళ్లింది. మరియా మీస్ అనే పరిశోధకురాలు ఆ స్త్రీలపై 1982లో ఒక పుస్తకమే ప్రచురించారు. ఇంట్లో కూర్చుని చేస్తారు కాబట్టి వాళ్ల శ్రమను తీరిక వేళ వ్యాపకంగా లెక్కగట్టారనీ, లాభం వ్యాపారుల చేతుల్లోకి పోయిందనీ ఆమె చూపించారు. మన అక్కచెల్లెళ్లకూ అదే గతి పట్టకూడదు. బట్ట, దారం, కరెంటు, పట్టిన గంటలు ఒక నోటుబుక్కులో రాసుకుని ధర చెప్పడం నేర్పాలి. పక్కింటావిడ అయినా సరే, మొహమాటం పడకూడదు.

దాతలు చేయగలిగినవి

మిషను ఇచ్చినప్పుడు మంచి కత్తెర, టేపు, సూదులు, అదనపు బాబిన్లు, నూనె డబ్బా, ఒక బెల్టు కూడా ఇవ్వండి. మూడు నెలల శిక్షణకు ఫీజు కట్టండి. వీధిలో పని తెలిసిన ఒక ఆపాను, ఏ ఇబ్బంది వచ్చినా అడగడానికి చూపించండి. మొదటి గిరాకీ మీరే అవ్వండి. చీరలకు ఫాల్స్ కుట్టడం చేతిపనే, కొత్తవాళ్లకు అదే తొలి సంపాదన.

2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో దర్జీ పని కూడా ఉంది. అర్హులకు శిక్షణ రోజుల్లో రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000 రూపాయల దాకా సాయం అందుతుంది. దరఖాస్తు నింపిపెట్టే చదువుకున్న మనిషి దొరకడమే మన బస్తీల్లో కష్టం. ఆ గంట సమయం కూడా సదఖాయే.

ఆ తల్లి మిషనుకు బెల్టు వేయించాం. మా సహోద్యోగి ఒకామె ఆదివారాలు వెళ్లి నేర్పింది. ఫాల్స్‌తో మొదలుపెట్టి, ఇప్పుడు స్కూలు యూనిఫారాలు కుడుతోంది. పిల్లకు ఒక ఏడు పోయింది. అయినా తిరిగి బడిలో చేరి పదో తరగతి పాసయింది. పోయిన ఆ ఏడాదికి నేనూ బాధ్యురాలినే. మీ సొమ్ముతో ఇచ్చే ఏ మిషనూ మళ్లీ పక్కబట్టల కింద పడి ఉండకూడదనే ఈ నాలుగు మాటలు రాశాను.

మీ దానాలను అల్లాహ్ స్వీకరించుగాక. ఆమీన్.