మందును గూర్చిన మాటకు విలువ కట్టుట ఎట్లు?

జబ్బుపడినవానికి ఏదో ఒక మందు చెప్పని చుట్టము గాని స్నేహితుడు గాని ఉండడు. "ఆ మాత్ర వేసుకొన్నాను, మూడు రోజులలో తగ్గిపోయినది" అని ఒకరందురు. "ఆ మందు జోలికి పోవద్దు, మూత్రపిండములు చెడిపోవును" అని ఇంకొకరందురు. పూర్వము ఇట్టి మాటలు వీధి అరుగు దాటి పోయెడివి కావు. నేడు పత్రికలు, టెలివిజను, చేతిఫోను వీనిని క్షణములో లక్షలమందికి చేరవేయుచున్నవి. వీనిలో పనికివచ్చు మాట ఏది? పనికిరానిది ఏది? వైద్యశాస్త్రము చదువనివారికి దీనిని తేల్చుకొనుట సాధ్యమా? చాలవరకు సాధ్యమే. అందుకు ఔషధముల పేర్లు కంఠస్థము చేయనక్కరలేదు. ఆ మాట వెనుక ఎట్టి పోలిక ఉన్నదో అడుగుట నేర్చిన చాలును.

తగ్గుట వేరు, మందు వలన తగ్గుట వేరు

తాటిచెట్టుపై కాకి వాలినది, అదే క్షణమున పండు రాలినది. కాకి వాలుట వలననే పండు రాలినదని చెప్పుట కాకతాళీయమును కారణముగా పొరబడుట. మందుల విషయమున ఈ పొరపాటు మిక్కిలి సులభము. జలుబు సాధారణముగా వారము పది దినములలో తనంతట తానే తగ్గును. ఐదవ నాడు ఏ కషాయము త్రాగినను, ఏ మాత్ర మ్రింగినను, ఆ కీర్తి దానికే దక్కును. కీళ్లనొప్పి వంటి వ్యాధులు ఒకప్పుడు హెచ్చుచు, ఒకప్పుడు తగ్గుచు ఉండును. బాధ మిక్కుటమైనప్పుడే రోగి మందు వెదకును గనుక, ఆ తరువాత వచ్చు సహజమైన తగ్గుదల మందు ఖాతాలో చేరును. మందు ఇచ్చినారను నమ్మకము చేతనే కొందరికి బాధ తగ్గినట్లు తోచుట కూడ కలదు.

కావున "నాకు తగ్గినది" అను మాట అబద్ధము కాకపోవచ్చును. అది పుచ్చుకొనకపోయినచో ఏమయ్యెడిదో మాత్రము ఆ మాట చెప్పలేదు. దానిని తెలిసికొనుటకు ఒక్కటే మార్గము. ఒకే విధమైన రోగులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు మందిచ్చి, రెండవ జట్టుతో పోల్చి చూడవలెను.

చీట్లు వేసి పంచిన రోగులు

స్ట్రెప్టోమైసిన్ 1943లో కనుగొనబడినది. క్షయపై అది పనిచేయునను ఆశ అంతట వ్యాపించెను. యుద్ధానంతరము బ్రిటనులో ఆ మందు మిక్కిలి కొరతగా ఉండెను. ఉన్న కొద్ది మందుతో దాని గుణమును నిశ్చయముగా తేల్చవలెనని అచ్చటి వైద్య పరిశోధన మండలి సంకల్పించెను. ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ అను గణాంక శాస్త్రవేత్త ఏర్పాటు ప్రకారము, ఏ రోగి ఏ జట్టులో చేరవలెనో వైద్యుని ఇష్టమునకు విడువక, చీట్లు వేసినట్లుగా నిర్ణయించిరి. వైద్యుడే ఎన్నుకొన్నచో కోలుకొనగలరని తోచినవారికే మందు పోవచ్చును గదా!

55 మందికి విశ్రాంతితో పాటు స్ట్రెప్టోమైసిన్, 52 మందికి విశ్రాంతి మాత్రము లభించెను. 1948లో ప్రకటించిన ఫలితము ఇది: ఆరు నెలలలో మందు పొందినవారిలో 4గురు, పొందనివారిలో 14గురు మరణించిరి. మందు పనిచేయుననుటకు ఇంతకన్న స్పష్టమైన సాక్ష్యము అప్పటికి లేదు.

అయితే కథ అంతటితో ముగియలేదు. ఐదేండ్లకు చూడగా మొదటి జట్టులో 32 మంది, రెండవ జట్టులో 35 మంది మరణించి ఉండిరి. క్షయక్రిములు ఆ మందునకు లొంగని శక్తి సంపాదించుకొనుటయే దీనికి ముఖ్యకారణము. రెండు మందులు కలిపి ఇచ్చినచో ఈ చిక్కు తగ్గునని తరువాతి ప్రయోగములలో తేలినది. కాబట్టి "పనిచేసినది" అన్నప్పుడు "ఎంతకాలము చూచి చెప్పుచున్నారు?" అనియు అడుగవలెను.

ఈ పోలిక పద్ధతి మన దేశమునకును మహోపకారము చేసినది. క్షయరోగికి శానిటోరియములో విశ్రాంతి, మంచి ఆహారము, గాలి లేనిదే మందులు పనిచేయవని ఒకప్పటి నమ్మకము. 1956లో మద్రాసులో నెలకొల్పిన క్షయ చికిత్సా కేంద్రమువారు కొందరు రోగులకు శానిటోరియములోను, కొందరికి వారి పేద ఇండ్లలోనే ఉంచియు ఒకే మందులిచ్చి పోల్చిరి. ఫలితములు ఇంచుమించు సమానముగానున్నట్లు 1959లో వెల్లడియైనది. ఇంటివద్ద చికిత్స లోకమంతట వ్యాపించుటకు ఇది గొప్ప ఆధారమయ్యెను.

చక్కని తర్కము కూడ మోసగించును

ఒక మందు శరీరములో ఎట్లు పనిచేయునో చక్కగా వివరించి చెప్పినచో మనము సులభముగా నమ్ముదుము. ఆ వివరణ నిజమే కావచ్చును. అయినను ప్రాణము నిలుచునన్న హామీ అందులేదు.

గుండెపోటు వచ్చి బ్రతికినవారిలో కొందరికి గుండె లయ తప్పి కొట్టుకొనుచుండును. అట్టివారికి ఆకస్మిక మరణము సంభవించు అవకాశము హెచ్చు. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అను మందులు ఆ లయభంగమును అణచును. కావున అవి మరణములను తగ్గించునని వైద్యులు తలచిరి. తర్కములో లోపము కానరాదు. 1987లో అమెరికాలో దీనిని పరీక్షింప మొదలిడిరి. ఈ మందులిచ్చినవారు 755 మంది. మందులేని ఉత్త మాత్ర ఇచ్చినవారు 743 మంది. సగటున పది నెలలలో మొదటి జట్టులో 63 మంది, రెండవ జట్టులో 26 మంది మరణించిరి. వేయికి లెక్కించినచో సుమారు 83కు ఎదురుగా 35. లయభంగము తగ్గినది, మరణము హెచ్చినది! 1989లోనే ఈ మందులను ఆ పరీక్షనుండి తొలగించిరి.

పరీక్షలో దేనిని కొలిచిరో చూడవలెనని దీనినుండి గ్రహింపవలెను. రక్తపు లెక్కలు, యంత్రపు గీతలు మారుట ఒకటి. రోగి ఎక్కువకాలము, సుఖముగా బ్రతుకుట మరియొకటి.

శాతముల చమత్కారము

"ఈ మందు వలన ప్రమాదము సగమునకు తగ్గును" అను వాక్యము తీసికొందము. మందు లేనిచో వేయిమందిలో 200 మందికి జబ్బు వచ్చుననుకొందము. అది 100కు తగ్గినను సగమే. వేయికి ఇద్దరికి వచ్చునది ఒక్కరికి తగ్గినను సగమే! మొదటి సందర్భమున వేయిమందికి మందిచ్చిన నూరుమందికి మేలు; రెండవ సందర్భమున ఒక్కరికి. ఖర్చును, చెడు ఫలితములును మాత్రము వేయిమందివి. అందుచే "ఎంతమందిలో ఎంతమందికి?" అని అడుగక శాతమును నమ్మరాదు.

ఒక్కరి మాట విలువైనదగు సందర్భము

మేలు విషయములో ఒక్కరి అనుభవము చాలదంటిమి. కీడు విషయములో అట్లు కాదు. థాలిడోమైడ్ అను నిద్రమందు 1957లో పశ్చిమ జర్మనీలో అమ్మకమునకు వచ్చి, అనేక దేశములకు వ్యాపించెను. గర్భిణులు దానిని వేవిళ్లకు కూడ వాడిరి. 1961లో జర్మనీలో విడుకిండ్ లెంజ్, ఆస్ట్రేలియాలో విలియం మెక్‌బ్రైడ్ అను వైద్యులు, కాలుసేతులు సరిగా ఏర్పడని శిశువులకును ఆ మందునకును గల సంబంధమును బయటపెట్టిరి. మెక్‌బ్రైడ్ వ్రాసినది ఒక వైద్యపత్రికకు చిన్న లేఖ మాత్రమే. అట్టి హెచ్చరిక తీర్పు కాదు, విచారణకు పిలుపు. విచారణలో అది నిజమని తేలినది.

ఇదే థాలిడోమైడ్ నేడు కుష్ఠరోగములోని ఒక తీవ్రమైన బాధకును, ఎముక మూలుగులో పుట్టు ఒక కాన్సరునకును, కఠిన నిబంధనలతో వాడబడుచున్నది. కాబట్టి ఎవరికి, ఏ జబ్బునకు, ఎంత మోతాదున అని చెప్పక, ఒక మందును "మంచిది", "చెడ్డది" అనుట అర్థములేని మాట.

నమ్మదగిన మాటలు దొరకు చోట్లు

మధుమేహము, కాన్సరు మొదలగు వ్యాధులను కుదుర్తుమని చేయు ఔషధ ప్రకటనలను మన దేశములో 1954 నాటి చట్టమే నిషేధించెను. అట్టి ప్రకటన కనబడిన, సందేహించుటకు అదియే చాలును. అమెరికాలో 1959లో వెలువడిన మెడికల్ లెటర్ అను పత్రిక ప్రకటనలు పుచ్చుకొనకయే మందులను విమర్శించుట నియమముగా పెట్టుకొన్నది. 1993లో ఆరంభమైన కాక్రేన్ సంస్థ, ఒక ప్రశ్నపై జరిగిన ప్రయోగములన్నిటిని వెదకి తెచ్చి కలిపి తూచును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1977 నుండి అత్యవసర ఔషధముల పట్టికను ప్రకటించుచున్నది. మన దేశములో జరుగు ప్రయోగముల వివరములకు 2007లో ఒక జాతీయ పట్టీ ఏర్పడినది. మందు వలన కీడు కలిగినచో, 2010లో మొదలైన ఔషధ భద్రతా పర్యవేక్షణ కార్యక్రమమునకు వైద్యులే కాక రోగులును తెలుపవచ్చును.

ఉపాధ్యాయులు ఒక మందు ప్రకటననో, ఒక వార్తనో తరగతిలో చదివి, విద్యార్థులచే ఈ ఐదు ప్రశ్నలు వేయింపవచ్చును:

1. ఎవరితో పోల్చి చెప్పుచున్నారు?
2. దేనిని కొలిచిరి? ఎంతకాలము చూచిరి?
3. ఎంతమందిలో ఎంతమందికి మేలు కలిగినది?
4. కీడును గూర్చి చెప్పిరా, దాచిరా?
5. చెప్పువారికి అమ్మకముతో సంబంధమున్నదా?

ఈ ఐదింటికిని సమాధానమీయగల వ్యాఖ్య చదువదగినది. ఒక్కదానికైనను ఈయలేనిది ఎంత ధీమాగా చెప్పినను ఊకయే. అయితే ఎంత మంచి వ్యాఖ్య చదివినను, వైద్యుడు వ్రాసిన మందును తమంత తాము మానివేయుట గాని మోతాదు మార్చుట గాని కూడదు. కొన్ని మందులను హఠాత్తుగా మానుటయే ప్రమాదము. చదివినదానిని ప్రశ్నగా మార్చుకొని వైద్యుని వద్దకు తీసికొనిపోవలెను.