అరణ్యప్రదేశపు సరిహద్దు ద్వారము

థాయిలాండు దేశపు తూర్పు సరిహద్దున అరణ్యప్రథేట్ అను చిన్న పట్టణము కలదు. పేరు వినగానే మన బాలురకు అది ఎక్కడనో విన్నట్లు తోచును. నిజమే, సంస్కృతమునందలి 'అరణ్యప్రదేశము' థాయిల నోట ఆ రూపము దాల్చినది. పేరు అడవిదైనను, ఆ ఊరి ప్రసిద్ధికి కారణము అడవి గాదు. దాని చెంతనున్న సరిహద్దు ద్వారము. దాని కావలి వైపున కాంబోడియాకు చెందిన పోయిపెట్ పట్టణమున్నది.

రాజధానియగు బాంకాకు నుండి అరణ్యప్రథేట్ సుమారు 250 కిలోమీటర్లు. చిన్న వ్యానులును, బస్సులును నాలుగైదు గంటలలో అచ్చటికి చేర్చును. పోయిపెట్ నుండి అంగ్‌కోర్ ఆలయములకు నెలవైన సియం రీప్ నగరము మరి 150 కిలోమీటర్లు. ఈ రెండు బాటల నడుమ మిగిలినది కొన్ని వందల గజముల నడక మాత్రమే. కాని ప్రయాణములోని విశేషమంతయు ఆ నడకలోనే యున్నది.

నడువనేల? థాయిలాండులో, మన దేశమున వలెనే, బండ్లు బాటకు ఎడమ ప్రక్కను నడచును. కాంబోడియాలో కుడి ప్రక్కను నడచును. థాయి వ్యానుకు తలుపు ఎడమవైపున నుండును. అది కాంబోడియాలో ఆగినచో ప్రయాణికులు బాట నడుమకే దిగవలసివచ్చును! అందుచేత సాధారణముగా ఒక దేశపు వ్యాను సరిహద్దు కీవలనే ఆగిపోయెడిది. ఆవల మరియొకటి ఎక్కవలసియుండెడిది. 2012 తరువాత నేరుగా పోవు బస్సులును నడచినవి. అయినను సరిహద్దున అందరును దిగవలసియుండెడిది.

దిగినవారు మొదట థాయి కార్యాలయమున పాసుపోర్టుపై నిష్క్రమణ ముద్ర వేయించుకొనెడివారు. పిదప ఒక చిన్న వాగుపైనున్న వంతెన దాటెడివారు. ఎదుట అంగ్‌కోర్ గోపురములను పోలిన శిఖరములు గల ద్వారము కనబడెడిది. అచ్చట వీసా పొంది, ప్రవేశ ముద్ర వేయించుకొన్నగాని కాంబోడియాలో అడుగిడినట్లు కాకపోయెడిది. ఆ నడుమ భూమిలో నున్నంతసేపు మనుష్యుడు ఒక దేశము విడిచినవాడే గాని మరియొక దేశము చేరినవాడు గాడు.

యాత్రికులకు ఇది ఒక పూట వింత. కాని ఆ వంతెనపై నిత్యము నడచినవారు వేరు. వేకువనే కాంబోడియా స్త్రీపురుషులు పెద్ద బండ్లను చేతులతో లాగుకొనుచు థాయి వైపునగల రోంగ్ క్లూయా సంతకు పోయెడివారు. పాత బట్టలు, చెప్పులు అచ్చట అమ్మి, సాయంకాలము సరకులతో తిరిగివచ్చెడివారు. వారికి సరిహద్దనగా భూగోళపటములోని గీత గాదు, ఆనాటి కూడు.

ఆ ద్వారము మూతపడుట కొత్తగాదు. 1961లో రెండు దేశములును దౌత్యసంబంధములు తెంచుకొనినవి. 1979లో కాంబోడియా యుద్ధమునకు వెరచి వచ్చిన వేలాది శరణార్థులు ఈ ప్రాంతపు శిబిరములలో తలదాచుకొనిరి. శాంతి నెలకొనిన పిమ్మటనే యాత్రికులు ఈ బాటను బాగుగా ఎరిగిరి.

మరల 2025లో, ఫ్రెంచివారి పాలననాటి పటములతో ముడిపడిన సరిహద్దు తగవు రగిలినది. జూను మాసమున రోగులు, విద్యార్థులు వంటి కొందరికి తప్ప తక్కినవారికి థాయి ప్రభుత్వము సరిహద్దు ద్వారములను మూసివేసెను. ఆ యేటనే జూలైలోను, డిసెంబరులోను ఇరుసేనలును పోరాడినవి. థాయిలాండులో కూలి చేయుచున్న కాంబోడియా వారు లక్షలకొలది ఇండ్లకు మరలిరి. ద్వారము మూతపడగా, సియం రీప్ చేరగోరిన యాత్రికులు విమానమెక్కుటయో, లావోస్ మీదుగా చుట్టుదారి పట్టుటయో చేయవలసివచ్చినది. బండ్లు లాగువారికి ఆ చుట్టుదారియు లేకపోయెను.