వెనక పేజీలో నాలుగు మాటలు



మా బల్కంపేట ఎల్లమ్మ తల్లిని దర్శించుకోవాలంటే కిందికి చూడాలి. అమ్మవారు నేలమట్టానికి దిగువన, బావిలో కొలువై ఉంటుంది. మన మనసులోనూ కొన్ని మాటలు అలాగే అడుగున ఉండిపోతాయి. దుఃఖమైతే నలుగురిలో ఏడవవచ్చు. కోపం, విసుగు, అసూయ ఎవరితో చెప్పుకుంటాం?

మన పెద్దవాళ్లు దీనికొక దారి చూసుకున్నారు. 'ఊర్మిళాదేవి నిద్ర' పాట వినే ఉంటారు. పద్నాలుగేళ్ల తరువాత తిరిగివచ్చిన లక్ష్మణుణ్ణి పోల్చుకోలేక, ఎవరో పరాయివాడనుకుని ఊర్మిళ గట్టిగా మందలిస్తుంది. భర్తను నేరుగా నిలదీయలేని ఇల్లాళ్లు ఆ పాట పాడుతూ ఎవరి గుండెబరువు వాళ్లు దించుకున్నారని నా నమ్మకం.

తరువాత తరువాత స్త్రీలు పాత్రల చాటు వదిలి సొంత గొంతుతోనే రాశారు. 1993లో వచ్చిన 'నీలిమేఘాలు' సంకలనం తిరగేస్తే మీకే తెలుస్తుంది. కొండేపూడి నిర్మల గారు పురిటినొప్పుల గదిని సైతం కవితలోకి తెచ్చారు.

"మనమేం కవులమా?" అంటారేమో. నా సంగతే చెబుతాను. మా అత్తగారు ఆరేళ్లు మంచంలో ఉన్నారు. రాత్రిళ్లు స్టీలు గ్లాసు మంచం పట్టెకు కొట్టి పిలిచేవారు. ఆవిడ పోయిననాడు నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, 'హమ్మయ్య' అన్న నిట్టూర్పు. ఆ మాట ఎవరితో అనను? కర్మలన్నీ అయ్యాక ఓ రాత్రి పాలలెక్క పుస్తకం వెనక ఇలా రాసుకున్నాను:

గ్లాసు చప్పుడు లేదు
రెండింటికి నేను మాత్రం లేచాను
ఈ నీళ్లు ఎవరికివ్వను?

ఆ 'హమ్మయ్య' కింద బెంగ కూడా ఉందని రాశాక గాని తెలియలేదు. అప్పుడొచ్చింది ఏడుపు.

మీరూ పనులయ్యాక ఓ పావుగంట కూర్చోండి. 'బాధ', 'దుఃఖం' అని రాయకండి. ఆ బాధ తగులుకున్న వస్తువును రాయండి: గ్లాసో, చీరో, మూసిన తలుపో. యతిప్రాసల జోలికి పోవద్దు. సొంత పేరున చెప్పడానికి జంకు కలిగితే, ఊర్మిళలాంటి మరొకరి నోట చెప్పించండి. ఎవరికీ చూపించనక్కర్లేదు, చింపేసినా సరే. రాసేకొద్దీ మనసు మరీ కుంగిపోతుంటే మాత్రం ఆపేసి, నమ్మకమైన మనిషితోనో డాక్టరుతోనో మాట్లాడండి. కవిత్వం తోడే గాని, మందుకు బదులు కాదు.

ఆ పుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది. ముందు పేజీల్లో పాలవాడి లెక్క, వెనక అత్తగారి లెక్క. మీ ఇంట్లోనూ అలాంటిదొకటి ఉండే ఉంటుంది. వెనక పేజీ తీయండి.

సెలవు.