ఉప్పు వేసిన గంజిలో ఏముంది?

రంగనాయకస్వామి జాతర ముగిసిన తరువాతి సోమవారం. తరగతిలో హాజరు పిలుస్తూ ఉంటే సగం పేర్లకు జవాబు లేదు. వచ్చినవాళ్లలో కూడా ఇద్దరు పొట్ట పట్టుకొని మాటిమాటికీ బయటికి పరుగెడుతున్నారు. శ్రీరంగాపూర్‌లో జాతర అంటే దేవుడి దర్శనం ఒక్కటే కాదు గదా! రంగుల ఐసు, ఎప్పుడో కోసి పెట్టిన పుచ్చకాయ ముక్కలు, ఈగలు ముసిరిన మిఠాయి కూడాను. అన్నీ కలిసి సోమవారం నాటికి తమ పని తాము చేశాయి.

పరుగెత్తిన ఇద్దరిలో ఒకడు తిరిగి వచ్చి నన్ను ఇలా అడిగాడు: "సార్, మా నాయినమ్మ ఉప్పేసిన గంజి తాగుమంటది. పెద్దమ్మనేమో నీళ్లు గూడ ముట్టొద్దంటది. దుకాణాయన డబ్బాల ఉన్న తియ్యటి రసం తాగితే దిగుతదన్నడు. ఎవరి మాట ఇనాలె?"

పిల్లలూ, ఆ రోజు నేను చెప్పవలసిన పాఠం విద్యుత్తు. దాన్ని పక్కన పెట్టి ఈ ప్రశ్నే తీసుకున్నాను. ఎందుకో ముందు చెబుతాను.

1978లో నాకు ఎనిమిదేళ్లు. మా చిన్న తమ్ముడికి రెండో ఏడు నడుస్తోంది. ఎండాకాలంలో వాడికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. "నీళ్లు పోయకండి, పోసినవి పోసినట్టే పోతున్నాయి, పోయకపోతే అవే ఆగుతాయి" అన్నారు పెద్దలు. వాడు చెంబు వైపు చెయ్యి చాపుతూ ఉంటే మా అమ్మ చెంబును చాటుకు జరిపింది. రెండో రోజు సాయంకాలం వాడు ఏడ్చాడు గాని కంట నీరు రాలేదు. ఆ తరువాత ఏడుపు కూడా మానేశాడు. తగ్గిందనుకున్నాం. తెల్లవారేసరికి వాడు లేడు. ఇంట్లో కడవ నిండా నీళ్లున్నాయి.

మా వాళ్లకు వాడి మీద ప్రేమ లేక కాదు. వాళ్లు ఒక లెక్క వేశారు. నీళ్లు పోస్తే విరేచనం అవుతోంది, కాబట్టి పోయకపోతే కాదు అని. వినడానికి బాగానే ఉన్న ఈ లెక్కలో తప్పెక్కడుందో చూద్దాం.

పెద్దవాళ్లు ఒక రోజులో తాగేవి, ఆహారంతో పాటు లోపలికి పోయేవి కలిపి సుమారు 2 లీటర్ల నీళ్లు. కాని వారి చిన్నపేగులోకి రోజూ చేరే ద్రవం దాదాపు 9 లీటర్లు! మిగిలిన 7 లీటర్లు ఎక్కడివి? మన శరీరమే పోస్తుంది. లాలాజలం, జఠరరసం, పైత్యరసం, క్లోమరసం, పేగు గోడ నుంచి ఊరే రసం, అన్నీ రక్తంలోని నీటి నుంచి వచ్చినవే. ఈ నీళ్లన్నిటినీ పేగు మళ్లీ పీల్చుకొని రక్తానికి అప్పజెబుతుంది. మలంతో బయటికి పోయేది 100, 200 మిల్లీలీటర్లకు మించదు. ఎంత పొదుపో చూశారా!

మన రంగసముద్రం చెరువును తలుచుకోండి. వచ్చే నీరు, పోయే నీరు సరిపోయినంత కాలం చెరువు నిండుగా ఉంటుంది. కట్టకు గండి పడితే? పైనుంచి వచ్చే వాగును ఆపినంత మాత్రాన గండి పూడదు, చెరువు ఇంకా త్వరగా ఎండుతుంది. విరేచనాల్లో జరిగేది ఇదే. రోగక్రిముల వల్ల పేగు నీటిని పీల్చుకోలేకపోతుంది, లేదా రక్తంలోని నీటిని తానే బయటికి తోడిపోస్తుంది. బయటికి పోతున్నవి తాగిన నీళ్లు మాత్రమే కాదు, ఒంట్లో ఉన్న నీళ్లు. వాటితో పాటు సోడియం, పొటాషియం లవణాలు కూడా పోతాయి. 10 కిలోల బరువున్న పసివాడిలో ఒక్క లీటరు తగ్గితే చాలు, ప్రాణం మీదికి వస్తుంది. పెద్దవాళ్ల కంటే పసిపిల్లలకు ప్రమాదం ఎక్కువ అనడానికి ఇదే కారణం.

సరే, నీళ్లు తాగించాలి. మరి నీళ్లను పీల్చుకోవలసిన పేగే పాడైపోతే ఎలా? ఇక్కడే ప్రకృతి మనకొక దారి మిగిల్చింది.

పేగు లోపలి కణాల గోడల్లో ఒక ప్రోటీను ఉంటుంది. దాన్ని తలుపు అనుకోండి. ఇది ఒంటరిగా వచ్చినవాళ్లకు తెరుచుకోదు. సోడియం అయాన్లు రెండు, గ్లూకోజ్ అణువు ఒకటి జతగా వస్తేనే వాటిని లోపలికి పంపుతుంది. అవి వెళ్లిన వెంటనే నీరు కూడా వాటి వెనకే వెళ్తుంది. ఈ సంగతిని 1960లో ప్రేగ్ నగరంలో జరిగిన ఒక సమావేశంలో రాబర్ట్ క్రేన్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు వివరించాడు. ఆశ్చర్యమేమిటంటే, కలరా విషం పేగులోని నీటిని బయటికి తోడే కుళాయిని తెరిచేస్తుందే గాని ఈ తలుపు జోలికి పోదు. అందుకే వట్టి ఉప్పునీళ్లు అంతగా చేయలేని పనిని, ఉప్పు, చక్కెర కలిసిన నీళ్లు చేయగలుగుతాయి.

1968లో ఢాకాలో డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్ అనే యువ వైద్యులు కలరా రోగులకు ఇలాంటి ద్రావణాన్ని తాగించి మంచి ఫలితం చూపారు. అయినా చాలామంది వైద్యులు నమ్మలేదు. సూదితో ఎక్కించే సెలైన్ ఉండగా, ఉప్పు చక్కెర నీళ్లు కూడా ఒక వైద్యమేనా అనుకున్నారు.

నమ్మక తప్పని రోజు 1971లో వచ్చింది. బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో లక్షలాది శరణార్థులు సరిహద్దు దాటి పశ్చిమ బెంగాల్‌కు వచ్చారు. బన్‌గావ్ శిబిరంలో కలరా చెలరేగింది. ఆసుపత్రి గదులు చాలక రోగులు నేల మీదే పడి ఉన్నారు. సెలైన్ సీసాలు నిండుకున్నాయి. అక్కడ పని చేస్తున్న పిల్లల వైద్యుడు దిలీప్ మహలనబీస్ ధైర్యం చేశాడు. లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజ్, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల తినే సోడా. ఇవి కలిపిన పొట్లాలను కలకత్తాలో తయారు చేయించి, శిబిరంలో పీపాల నీటిలో కలిపి, రోగుల బంధువుల చేతనే గ్లాసులతో తాగించాడు. నూటికి 30 దాకా ఉన్న మరణాలు నూటికి 4 లోపుకు దిగిపోయాయి! తరువాత ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ ఇలాంటి పొట్లాన్నే దేశదేశాలకు పంచాయి. అదే మనకు తెలిసిన ఓ.ఆర్.ఎస్. మహలనబీస్ 2022లో కన్నుమూశారు. 2023లో ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించారు.

బన్‌గావ్ సంగతి 1971ది. మా తమ్ముడి సంగతి 1978ది. ఉప్పు, చక్కెర రెండూ మా ఇంట్లో ఉన్నాయి. ఆ కబురు ఒక్కటే ఏడేళ్లయినా మా ఊరికి చేరలేదు.

ఇక దుకాణదారు చెప్పిన తియ్యటి రసం సంగతి. "చక్కెర మంచిదన్నారుగా, మరి ఎక్కువ వేస్తే ఇంకా మంచిదేగా?" అని మీలో కొందరు అనుకుంటూ ఉంటారు. మీరే పరీక్ష చేసి చూడండి. ఒక ఆలుగడ్డ నుంచి ఒకే కొలతలో రెండు ముక్కలు కోయండి. ఒకటి మంచినీళ్ల గ్లాసులో, రెండోది నాలుగైదు చెంచాల చక్కెర కరిగించిన గ్లాసులో వేసి రెండు మూడు గంటలు ఉంచండి. మొదటి ముక్క గట్టిగా, బిర్రుగా ఉంటుంది. రెండోది మెత్తబడి వంగిపోతుంది. చిక్కటి చక్కెర ద్రావణం ముక్కలోని నీటిని బయటికి లాగేసింది. ఇదే ద్రవాభిసరణం. మితిమీరిన చక్కెర పేగులో చేరితే అక్కడా ఇదే జరుగుతుంది. ఒంట్లోని నీరు పేగులోకి దిగి, విరేచనం ఇంకా పెరుగుతుంది.

ఇప్పటి ఓ.ఆర్.ఎస్.లో లీటరుకు గ్లూకోజ్ 13.5 గ్రాములే. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పాత కొలతను ఇంకా తగ్గించి ఈ పలుచని ద్రావణాన్ని ఖాయం చేసింది. కూల్ డ్రింకుల్లోనైతే లీటరుకు 100 గ్రాముల వరకూ చక్కెర ఉంటుంది! అట్టపెట్టెల్లో దొరికే కొన్ని తియ్యటి పానీయాల మీద కూడా "ఓ.ఆర్.ఎస్." అన్న అక్షరాలు కనిపిస్తూ వచ్చాయి. హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ల తరబడి పోరాడారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన కొలత ప్రకారం లేని ఏ పానీయానికీ ఆ పేరు పెట్టకూడదని 2025 అక్టోబరులో భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఉత్తర్వు ఇచ్చింది. దుకాణంలో కొనేటప్పుడు అట్ట వెనుక వైపు చదవండి. ముందు వైపు బొమ్మ మాత్రమే ఉంటుంది.

మరి నాయినమ్మ గంజి? ఈ ముగ్గురిలో గెలిచింది ఆమే. ద్రవాభిసరణం ద్రావణంలో ఎన్ని కణాలున్నాయన్న దాన్ని బట్టి ఉంటుంది, కణం ఎంత పెద్దదన్న దాన్ని బట్టి కాదు. బియ్యంలోని పిండి పదార్థం వందల, వేల గ్లూకోజ్ అణువులు గొలుసుగా ముడిపడిన పెద్ద అణువు. గ్లూకోజ్ ఎంతో ఉన్నా కణాల సంఖ్య తక్కువ, కాబట్టి అది నీటిని లాగదు. ఎంజైములు ఆ గొలుసును కొంచెం కొంచెంగా తెంపుతూ ఉంటే, తెగిన గ్లూకోజ్ ఉప్పులోని సోడియంతో జతకట్టి తలుపు దాటిపోతుంది. 1980లలో ఢాకా పరిశోధకులు గ్లూకోజ్ బదులు బియ్యప్పిండి ఉడికించి కలరా రోగులకు ఇస్తే, విరేచనం మోతాదు తగ్గింది. ఉప్పు వేయని గంజికి ఈ బలం లేదు సుమా! గంజికి ఉప్పు జత కలిపిన మన అవ్వలకు సోడియం పేరు తెలియదు, పని మాత్రం తెలుసు.

కుక్కర్లు వచ్చాక గంజి వార్చడమే మరిచిపోయాం. అందుకని విడిగా కాయాలి. సుమారు 50 గ్రాముల బియ్యప్పిండిని చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, లీటరుకు కొంచెం ఎక్కువ నీళ్లు పోసి, ఐదారు నిమిషాలు ఉడకనిచ్చి, అర టీ చెంచా ఉప్పు తలగొట్టి వేయాలి. తాగేంత పలుచగా ఉండాలి. ఎండాకాలంలో ఆరేడు గంటలు దాటితే పారబోసి మళ్లీ కాయాలి, పులిసిన గంజి రోగికి వద్దు. ఓ.ఆర్.ఎస్. పొట్లం దొరికితే అన్నిటికన్నా అదే మేలు, కొలత తప్పదు, పొటాషియం కూడా ఉంటుంది. పొట్లమూ లేదు, కాయడానికి వ్యవధీ లేదంటే, కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో తలగొట్టిన ఆరు టీ చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. ఏది చేసినా ముందు మీరు నాలుక మీద వేసుకొని చూడండి. కన్నీళ్ల కంటే ఉప్పగా ఉండకూడదు. ఉప్పు ఎక్కువైతే పసివాళ్లకు అదే ప్రమాదం.

ఎలా తాగించాలన్నది కూడా ముఖ్యమే. గటగటా పోస్తే వాంతి అవుతుంది. చెంచా చెంచాగా, నిదానంగా పట్టాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టాలి. విరేచనం అయినప్పుడల్లా రెండేళ్ల లోపు పిల్లలకు పావు నుంచి అర గ్లాసు, అంతకు మించిన వయసువాళ్లకు అర నుంచి ఒక గ్లాసు.

కడుపు మాడ్చడం కూడా తప్పే. పేగు లోపలి పొర మూడు నుంచి ఐదు రోజుల్లో పూర్తిగా కొత్తదవుతుంది. రోగంలో రాలిపోయిన ఆంత్రచూషకాలు తిరిగి మొలవాలంటే తిండి కావాలి. పెసరపప్పు వేసి మెత్తగా వండిన పులగం, పెరుగన్నం, ఉడికించిన ఆలుగడ్డ, పలుచని తైద అంబలి, బాగా మగ్గిన అరటిపండు, ఏది ఇష్టమైతే అది, కొంచెం కొంచెంగా. అరటిపండులో పోయిన పొటాషియం దొరుకుతుంది. పాలలోని లాక్టోజును అరిగించే ఎంజైము పేగు పైపొరలోనే ఉంటుంది కాబట్టి, కొందరు పిల్లలకు కొన్నాళ్లు పాలు పడవు. తోడుపెట్టిన బాక్టీరియా ఆ లాక్టోజులో కొంత ముందే తినేస్తుంది, అందుకే పెరుగు పడుతుంది. తల్లిపాలు మాత్రం ఎప్పుడూ ఆపకూడదు. ఆరు నెలలు నిండని పసికందుకు గంజి కూడా వద్దు, తల్లిపాలు, ఓ.ఆర్.ఎస్. చాలు. మన పాలమూరు ఇళ్లలో కడుపు చెడితే చాయ్‌లో బిస్కెట్ ముంచి పెట్టడం ఒక అలవాటు. అందులో ఏం బలముందని పెడతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గాని, ఆశా కార్యకర్తను గాని అడిగితే ఓ.ఆర్.ఎస్. పొట్లాలతో పాటు జింకు మాత్రలూ ఇస్తారు. విరేచనాలు ఆగినా సరే, పసిపిల్లలకు వాటిని పధ్నాలుగు రోజులు వేయాలి.

ఇంటి వైద్యానికి ఒక హద్దుంది. కళ్లు లోతుకు పోవడం, ఏడిస్తే కన్నీరు రాకపోవడం, ఆరేడు గంటలుగా మూత్రం లేకపోవడం, పొట్ట మీది చర్మాన్ని చిటికెతో పట్టి వదిలితే మెల్లగా సర్దుకోవడం, మత్తుగా పడి ఉండడం, తాగలేకపోవడం, మలంలో రక్తం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి, దారిలో కూడా చెంచాతో తాగిస్తూనే ఉండాలి. ఏడుస్తున్న పిల్లవాడు ఊరికే మౌనమైపోతే తగ్గిందనుకోకండి.

ఆ మంగళవారం నా ప్రశ్నల కుర్రవాడు బడికి రాలేదు. బుధవారం వచ్చాడు. ముఖం కొంచెం తేరుకుంది. "గంజి తాగావురా?" అని అడిగాను.

"తాగిన సార్. గని మా నాయినమ్మ ఉప్పు జర ఎక్కువేసింది" అన్నాడు.

కన్నీళ్ల కొలత ఆమెకు కూడా చెప్పమని పంపాను.